వోమాక్ తెలుగు వెర్షన్: ఆల్ఫా 0.9 ఉంది, రీటెస్ట్‌లో ఐసీసీ 0.6 కూడా దాటట్లేదు - సమాధానం

వోమాక్ (మోకాలు, తుంటి అరుగుదల ఉన్నవాళ్ళ నొప్పి, బిగుతు, పనుల్లో ఇబ్బంది కొలిచే ప్రశ్నల ఫారం) తెలుగులో ఆల్ఫా (ఫారంలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే అంకె) బాగానే ఉంది, కానీ అదే పేషెంట్లతో రెండు వారాలకి మళ్ళీ నింపిస్తే ఐసీసీ (రెండుసార్ల స్కోర్లు ఎంత కలుస్తాయో చెప్పే అంకె) తక్కువొస్తోంది, స్కేల్‌దే తప్పా అని అడిగారు. స్కేల్ తప్పు కాదనుకుంటా, మధ్యలో పేషెంట్ల మోకాలి పరిస్థితే మారింది. మీ బెంగళూరు ఓపీడీకి హిందూపురం, అనంతపురం నుంచి వచ్చేవాళ్ళు మొదటి ఫారం నింపిన రోజే కొత్త మందులనో ఫిజియోథెరపీనో మొదలుపెడతారు కదా, రెండు వారాలకి నొప్పి తగ్గితే స్కోరు తగ్గాల్సిందే, తగ్గకపోతేనే స్కేల్‌ని అనుమానించాలి. ఆల్ఫా ఒక్కసారి నింపిన ఫారంలోంచే వస్తుంది కాబట్టి దానికి ఇదేం తెలీదు.

1. చాలామంది వదిలేసేది ఇదే: రెండోసారి 24 ప్రశ్నలతో పాటు "పోయినసారి కంటే మోకాలు ఎలా ఉంది, అలాగే ఉందా, తగ్గిందా, ఎక్కువైందా" అని విడిగా అడగండి. "అలాగే ఉంది" అన్నవాళ్ళ డేటాతోనే ఐసీసీ లెక్కెయ్యండి. ఇప్పటిదాకా అడక్కపోతే ఇప్పుడు ఫోన్ చేసి అడగొద్దు ప్లీజ్, ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, కొత్త బ్యాచ్‌తో చెయ్యండి. కనీసం 50 మంది ఉండాలి.

2. మొదటిసారి కొడుకు చదివి టిక్ పెట్టి, రెండోసారి అమ్మగారు ఫోన్‌లో చెప్తే అది రీటెస్ట్ కాదు. రెండుసార్లూ ఒకే పద్ధతి.

3. సాఫ్ట్‌వేర్‌లో ఐసీసీ రకం ఎంచుకునేటప్పుడు టూ-వే, అబ్సల్యూట్ అగ్రిమెంట్ (స్కోర్లు అచ్చంగా కలుస్తున్నాయా అని చూసే రకం) పెట్టండి. పియర్సన్ కోరిలేషన్ వద్దు, అందరి స్కోరూ ఒకేలా పెరిగినా అది పట్టుకోదు.

ఐసీసీ 0.7 దాటితే పేషెంట్ల గ్రూపుల్ని పోల్చడానికి చాలు.