తీసేసి చూడు, మళ్లీ పెట్టి చూడు

అమ్మలూ,

ప్రాజెక్టుకి జంతువులూ బ్యాక్టీరియాల సహజీవనం తీసుకున్నావని తెలిసి ఎంత సంతోషమేసిందో. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, జంతువు లోపల బ్యాక్టీరియా కనపడగానే ఇది మేలు చేస్తోందని రాసేయకు. ఊరికే అక్కడ చేరి ఉండేవి బోలెడుంటాయి. దాన్ని తీసేసి ఏం తేడా వచ్చిందో చూడు, మళ్లీ పెట్టి ఆ తేడా పోయిందో లేదో చూడు. ఈ రెండోది చాలామంది ఎగ్గొడతారు. యాంటీబయాటిక్ పెట్టాక పురుగు నీరసపడిందంటే అది బ్యాక్టీరియా పోయినందుకా, మందే పురుగుని దెబ్బకొట్టిందా, ఎలా తెలుస్తుంది చెప్పు?

ఇది నేర్చుకోడానికి హవాయి బాబ్‌టెయిల్ స్క్విడ్ అనే చిన్న సముద్ర జీవి అంత మంచిది ఇంకోటి లేదు. మార్గరెట్ మెక్‌ఫాల్-నై, నెడ్ రూబీ దశాబ్దాలుగా దీని మీద పనిచేశారు, ముందు వాళ్ల పేపర్లు చదువు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల లైట్ ఆర్గాన్‌లో, అంటే వెలుగొచ్చే అవయవంలో, బ్యాక్టీరియా ఉండదు. సముద్రపు నీళ్లలో ఎన్ని రకాలున్నా వెలుగిచ్చే విబ్రియో ఫిషరీ అనే బ్యాక్టీరియా ఒక్కటే అక్కడ స్థిరపడుతుంది, అదీ కొన్ని గంటల్లోనే. వాటిని లోపలికి లాగడానికి ఆర్గాన్ మీద సన్నటి వెంట్రుకల్లాంటి సీలియా ఉన్న కొమ్మల్లాంటివి ఉంటాయి, విబ్రియో చేరాక అవి నాలుగైదు రోజుల్లో కుంచించుకుపోతాయి, విబ్రియో లేని నీళ్లలో పెంచితే అలాగే ఉండిపోతాయి. అంటే జంతువు ఒళ్లు ఎదగడానికే బ్యాక్టీరియా కావాలి, చూశావా! రాత్రి ఈ బ్యాక్టీరియా వెలుగు వెన్నెల్లో కలిసిపోయి కిందనుంచి చూసేవాటికి స్క్విడ్ నీడ కనపడదు. తెల్లారగానే దాదాపు 95 శాతం బ్యాక్టీరియాని బయటికి తోసేస్తుంది, మిగిలినవి సాయంత్రానికి మళ్లీ పెరిగిపోతాయి. జన్యువు మారి వెలుగివ్వలేని విబ్రియోల్ని (మ్యూటెంట్లని) ఎక్కిస్తే లోపలికి చేరతాయి గానీ నిలబడలేవు.

అన్నిచోట్లా ఇంత సులువు కాదమ్మా. పేనుబంక తాగే మొక్క రసంలో చక్కెర దండిగా ఉంటుంది, ఎసెన్షియల్ అమైనో యాసిడ్లు, అంటే ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేని ప్రొటీన్ ముక్కలు, బాగా తక్కువ, ఆ లోటు బుచ్నెరా అనే బ్యాక్టీరియా తీరుస్తుంది. అది తల్లి నుంచి పిల్లకి వచ్చేదే, బయట పెరగదు. 2000లో దాని జీనోమ్, అంటే మొత్తం డీఎన్ఏ, చదివితే సుమారు 6,40,000 బేస్‌లే (డీఎన్ఏ అక్షరాలే), మామూలుగా పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఏడో వంతు. బయట పెంచలేం కాబట్టి మళ్లీ పెట్టడం నీ చేతిలో లేదు. అప్పుడేం చేస్తారంటే, కృత్రిమ ఆహారంలోంచి ఒక్కో అమైనో యాసిడ్ తీసేస్తూ, బుచ్నెరా ఉన్న పేనుబంకలూ లేనివీ ఎలా ఎదుగుతున్నాయో పక్కపక్కనే పోలుస్తారు. అందుకే ఏ జంతువు తీసుకున్నా బ్యాక్టీరియా దానికి ఎక్కడినుంచి వస్తుందో, నీళ్లా మట్టా తల్లా, ముందు కనుక్కో, ప్రయోగం దాన్నిబట్టే ఉంటుంది.

ఇంకోటి, చిన్నదాన్నని ప్రశ్న మింగెయ్యకు. 1977లో సముద్రపు అడుగున దొరికిన పెద్ద ట్యూబ్ వర్మ్‌లకి నోరూ లేదు పేగూ లేదు, మరి ఏం తిని బతుకుతున్నాయని అందరూ తలపట్టుకున్నారు. 1980లో ఒక లెక్చర్‌లో వాటి ఒంట్లో గంధకం స్ఫటికాలున్నాయని వినగానే లోపల గంధకంతో బతికే బ్యాక్టీరియా ఉండాలని లేచి చెప్పింది కొలీన్ కావనా, అప్పటికి ఆవిడ స్టూడెంటే. 1981లో పేపర్ వచ్చింది.

నువ్వు పేనుబంకతో మొదలుపెట్టు, పెంచడం తేలిక, పిల్లలు త్వరగా పెడతాయి. బ్యాక్టీరియా ఉండీ యాంటీబయాటిక్ లేని గుంపు, యాంటీబయాటిక్ ఇచ్చిన గుంపు రెండూ ఒకే వయసువి ఉండాలి, ఒకే తల్లి పిల్లలైతే మరీ మంచిది. ప్లాన్ రాసి పంపు, కంట్రోల్స్, అంటే పోల్చడానికి పెట్టుకునే గుంపులు, రాసిన పేజీయే ముందు చదువుతా.

మీ పెద్దమ్మ