దేవుణ్ణి నమ్మని అల్లుడు

ప్రశ్న: అమ్మగారూ, మా అమ్మాయి బ్యాంకులో పనిచేస్తోంది. తనతోపాటు ఉద్యోగం చేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానంటోంది. కులం వేరు. దానికి మేము ఎలాగో సర్దుకున్నాం. కానీ ఆ అబ్బాయికి దేవుడంటే నమ్మకం లేదట. ముహూర్తం వద్దు, పురోహితుడు వద్దు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చాలు అంటున్నాడు. మా తమ్ముడిది ఒకటే పాట: ‘దైవభీతి లేనివాడికి పాపభీతి ఎక్కడ నుంచి వస్తుంది? ఇలాంటివాళ్ళు పెరిగితే సమాజం ఏ గంగలో కలుస్తుంది?’ అని. నాకేమీ పాలుపోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందే చెబుతున్నాను, నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని. మోకాళ్ళు ఎంత మొరాయించినా శుక్రవారం ఇంద్రకీలాద్రి ఎక్కి అమ్మవారిని చూడందే నాకు తోచదు. కాబట్టి నాస్తికుల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని మీ తమ్ముడుగారు అనుకోనక్కరలేదు.

ఆయన మాటలో పస లేకపోలేదు. కాణిపాకం సంగతి చూడండి. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం చెల్లదని చిత్తూరు జిల్లా అంతటా నమ్మకం. అప్పు తీర్చానని ఒకడు, తీర్చలేదని ఒకడు. కాగితం లేదు, సాక్షి లేడు. కోర్టుకెక్కితే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అదే కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడమంటే గుటకలు మింగేవాళ్ళున్నారు. రాజకీయ నాయకులు కూడా ‘దమ్ముంటే కాణిపాకం రా’ అని సవాళ్ళు విసురుకుంటారు. వాళ్ళలో ఎందరు బయలుదేరతారన్నది వేరే కథ. పైసా ఖర్చు లేకుండా తగువు తీర్చే నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను.

చిక్కల్లా ఏమిటంటే, ఆ ప్రమాణం భయపడేవాడినే పట్టుకుంటుంది. మా వీధిలో ఒకాయన చీటీలు నడిపేవాడు. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో రుద్రాక్షలు, ఏటా తప్పకుండా అయ్యప్ప మాల. డబ్బు గురించి నలుగురూ నిలదీస్తే, అందరి ఎదుటా అరచేతిలో కర్పూరం వెలిగించి, ‘పండగలోపు అణా పైసలతో ఇచ్చేస్తాను’ అని ప్రమాణం చేసి ఆర్పాడు. పండగ నాటికి ఇంటికి తాళం. నా చీటీ కూడా అందులోనే పోయింది.

ఇక సమాజం మాటకొద్దాం. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఆయన దేవుణ్ణి గట్టిగా నమ్మినవాడు, ఆ పెళ్ళి శాస్త్ర సమ్మతమేనని స్మృతులు చూపించి వాదించినవాడు. ఆయన మీద విరుచుకుపడ్డవాళ్ళూ దేవుణ్ణి నమ్మినవాళ్ళే, శాస్త్రాలు వల్లించినవాళ్ళే. వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు ఆ ఇంటికి రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి పెళ్ళివారికి వండిపెట్టింది. సంస్కర్తలంటే ఉపన్యాసాలు గుర్తుంటాయి గానీ, నాకు ఆ బిందెలే ఎక్కువ గుర్తు. ఇరుపక్షాలకూ దేవుడు ఒక్కడే అయినప్పుడు, చిన్నవయసు వితంతువుకు మళ్ళీ పెళ్ళి చేయాలా, తెల్లచీర కట్టించాలా అన్నది దైవభక్తి ఒక్కటే తేల్చలేకపోయింది కదా.

ఇప్పుడు దేవుడు లేడన్నవాళ్ళ సంగతి. మా విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. గోరా అని పిలిచే గోపరాజు రామచంద్రరావుగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో దాన్ని ప్రారంభించి, 1947లో ఇక్కడికి తెచ్చారు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. దేవుడు లేడన్నందుకు కాకినాడలో ఒకసారి, బందరులో ఒకసారి ఉద్యోగం పోయింది. పిల్లలకు పెట్టిన పేర్లు చూడండి: ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టిన కొడుకు లవణం, ప్రపంచయుద్ధం మొదలైన ఏడాది పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం పేరు ‘నౌ’, అంటే హిందీలో తొమ్మిదే! మా అత్తగారు బతికుంటే ముక్కున వేలేసుకునేది.

మీకు అక్కరకొచ్చే సంగతి ఆయన పెద్దకూతురు మనోరమ పెళ్ళి. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా, కూతుర్ని అర్జునరావు అనే దళిత యువకుడికి ఇవ్వాలనుకున్నారు. గాంధీజీ సరేనని, అమ్మాయి చిన్నది కనక రెండేళ్ళు ఆగమన్నారు. ఆ లోగా అబ్బాయిని తన ఆశ్రమం సేవాగ్రామ్‌కు రప్పించుకున్నారు. పెళ్ళి తంతులో దేవుడి పేరు వస్తే మాకు కుదరదని గోరా అంటే, ఆ పేరు తీసేసి సత్యం పేరిట జరిపిద్దామని గాంధీజీ ఒప్పుకున్నారు. రామనామం విడవని మనిషి! పెళ్ళికి ముందే ఆయన హత్య జరిగింది. 1948 మార్చి 13న, అనుకున్నట్టే సేవాగ్రామ్‌లోనే ఆ పెళ్ళి జరిగింది.

దేవుడు లేడని అరుగు మీద కూర్చుని వాదించేవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో కొడుక్కి సంబంధం చూసేటప్పుడు కులం అడిగేవాళ్ళు, కట్నం పుచ్చుకునేవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ నాస్తికత్వం వల్ల సమాజానికి చీమంత లాభమూ లేదు, నష్టమూ లేదు. గోరాది అలాంటిది కాదు గనుకే ఆయనకు ఇంట్లో, ఊళ్ళో, కాలేజీలో అంత ఎదురుదెబ్బ తగిలింది.

కాబట్టి ఆ అబ్బాయిని దేవుణ్ణి గురించి అడగకండి. కట్నం సంగతి అడగండి. జీతం ఎవరి చేతికిస్తాడో, అప్పులేమైనా ఉన్నాయేమో, తల్లితో ఎలా మాట్లాడతాడో చూడండి. ముఖ్యంగా, రేపు మీ అమ్మాయి వాళ్ళింట్లో ఓ మూల దేవుడి పటం పెట్టుకుంటే ఏమంటాడో అతని నోటితోనే విని రండి. ‘నీ ఇష్టం’ అంటే సరే. ముఖం చిట్లిస్తే మాత్రం పెళ్ళికి తొందరపడకండి. పూజ చేసి తీరాలన్న అత్తగారికీ, చేయకూడదన్న మొగుడికీ మధ్య కోడలికి పెద్ద తేడా కనిపించదు.

రిజిస్ట్రారు పెళ్ళి గురించి కంగారు పడకండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా నోటీసు ఇవ్వాలి. అది ఆఫీసులో 30 రోజులు ఉంటుంది. న్యాయమైన అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్ళి. ఆ చట్టం ప్రకారం పెళ్ళి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు. ఒకరినొకరు భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని అధికారి ముందు పలికితే చాలు. అంటే మంత్రాలు లేకుండా మంగళసూత్రం కట్టించుకోవాలని మీ అమ్మాయికి ఉంటే చట్టం అడ్డు రాదు. ఆస్తి పోతుందని మీ తమ్ముడుగారు ఎలాగూ అంటారు: ఇద్దరూ హిందువుల కిందే లెక్కయితే, 1976 సవరణ ప్రకారం వారసత్వానికి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. ఆ ముగ్గురు సాక్షుల్లో ఆయన్ని ఒకరిగా పిలవండి. సంతకం పెట్టమంటే సగం కోపం తగ్గుతుంది.

ప్రశ్న: దేవుణ్ణి నమ్మనివాడు కోర్టులో సాక్ష్యం ఎలా చెబుతాడు? భగవద్గీత మీద చెయ్యి వేయాలి కదా?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: నాయనా, అది సినిమా కోర్టు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఏ గ్రంథమూ పట్టుకోమని లేదు. దేవుడి పేరున ప్రమాణం చేయడం ఇష్టం లేనివాడు నిజమే చెబుతానని ధ్రువీకరిస్తే సరిపోతుంది. శాసనసభ్యులు కొందరు దైవసాక్షిగా అనీ, కొందరు ఆత్మసాక్షిగా అనీ అంటారే, అలాగే. తర్వాత అబద్ధం చెప్పినట్టు తేలితే మాత్రం ఇద్దరికీ శిక్ష ఒకటే, ఏడేళ్ళ వరకు జైలు.