ఏ350నా, 787నా? ముందు అందులో సీట్లు ఎలా వేశారో చూడండి

అనంతపురం నుంచి అమ్మానాన్నలు బెంగళూరు వచ్చి, అక్కడ ఫ్లైట్ ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న మీ అక్క దగ్గరికి వెళ్ళాలి. కొత్తరకం విమానాలైన ఎయిర్‌బస్ ఏ350 గానీ బోయింగ్ 787 గానీ నడిపే ఎయిర్‌లైన్స్ ఏవి, పాత విమానాలతో పోలిస్తే పెద్దవాళ్ళకి ఆ తేడా తెలుస్తుందా, దానికోసం 20 వేలు ఎక్కువ పెట్టచ్చా అని అడిగారు. అహ్మదాబాద్ ప్రమాదం తర్వాత అమ్మ 787 అంటేనే వద్దంటోందని కూడా రాశారు.

తేడా తెలుస్తుంది. కాకపోతే అందులో సగం విమానం తయారుచేసినవాళ్ళ పుణ్యం, మిగతా సగం దాన్ని కొని లోపల సీట్లు వేయించిన ఎయిర్‌లైన్ పుణ్యం. మనవాళ్ళు మొదటి సగం చూసి టికెట్ కొనేస్తారు. మాది హిందూపురం, ఉండేది మారతహళ్ళిలో. తమ్ముడు అమెరికాలో స్థిరపడ్డప్పటి నుంచి అమ్మానాన్నల టికెట్ల డ్యూటీ నాదే. ఆఫీసు పనిమీద నేనూ తిరుగుతుంటాను. ఆ అనుభవంతోనే చెప్తున్నా.

తయారుచేసినవాళ్ళ సంగతి ముందు చూద్దాం. 787 ప్రయాణికులతో మొదట ఎగిరింది 2011 అక్టోబరులో, జపాన్‌కి చెందిన ఏఎన్‌ఏ అనే ఎయిర్‌లైన్ చేతుల మీదుగా. ఏ350ని 2015 జనవరిలో ఖతార్ ఎయిర్‌వేస్ మొదలుపెట్టింది. రెండింట్లోనూ అల్యూమినియం బాగా తగ్గించి, కార్బన్ ఫైబర్ రకం మిశ్రమ పదార్థాలు వాడారు. బరువు లెక్కన 787లో దాదాపు సగం, ఏ350లో 53 శాతం అవే. దీంతో మీ అమ్మగారికి ఒరిగేదేమిటంటే, గాలి. విమానం పైకెళ్ళినప్పుడల్లా లోపలి ఒత్తిడికి దాని ఒళ్ళు కొద్దిగా ఉబ్బుతుంది, దిగాక మళ్ళీ సర్దుకుంటుంది. వేలసార్లు ఇలా జరిగితే అల్యూమినియం అలిసిపోతుంది. అందుకే పాత విమానాల్లో లోపలి ఒత్తిడిని మరీ ఎక్కువ ఉంచరు. దాదాపు 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఎంత గాలి ఉంటుందో, అంత వరకూ తగ్గనిస్తారు. కార్బన్ ఫైబర్‌కి ఆ అలుపు తక్కువ కాబట్టి ఈ కొత్తవాటిలో 6,000 అడుగుల దగ్గరే ఆపుతారు. తుప్పు భయం కూడా తక్కువ కాబట్టి లోపల తేమ కాస్త ఎక్కువున్నా ఇబ్బంది లేదు.

బెంగళూరు ఎత్తు సుమారు 3,000 అడుగులు, ఊటీ 7,000 దాటుతుంది. పాత విమానంలో పదిహేను గంటలు కూర్చోవడమంటే ఊటీ కంటే పైన కూర్చున్నట్టు, కొత్తదాంట్లో అయితే ఊటీ ఇంకా పైనే ఉంటుంది. మా అమ్మకి సైనస్. పాత విమానంలో వెళ్ళొచ్చినప్పుడు గొంతు ఎండిపోయి, దిగాక రెండ్రోజులు మాట సరిగ్గా పెగల్లేదు. 787లో వెళ్ళినప్పుడు ఆ గొడవ బాగా తగ్గింది. కాళ్ళ వాపు మాత్రం రెండింట్లోనూ ఒకటే. దానికి లేచి నడవాల్సిందే, ఏ కంపెనీ విమానమూ ఏమీ చేయలేదు.

చప్పుడు కూడా తక్కువే, ముఖ్యంగా ఏ350లో. చెవి మిషన్ పెట్టుకునే పెద్దవాళ్ళకి ఇది పనికొచ్చే విషయం.

787 కిటికీ గురించి ఒక మాట. దానికి లాగే రేకు ఉండదు. కిటికీ కింద ఒక బటన్ ఉంటుంది, నొక్కితే అద్దం మెల్లగా నీలంగా మారి చీకటిపడుతుంది. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయనకి అది తెగ నచ్చింది. కానీ అందరూ పడుకున్న టైములో సిబ్బంది మొత్తం కిటికీలు ఒకేసారి చీకటి చేసి లాక్ చేస్తారు, అప్పుడు బటన్ ఎంత నొక్కినా పలకదు. "పాడైపోయిందమ్మా ఇది" అని సిబ్బందిలో ఒక అమ్మాయిని పిలిచి మరీ చెప్పారట. మీ నాన్నగారికి ముందే చెప్పి పంపండి. తర్వాతసారి ఆయన ఎక్కిన ఏ350లో తోక మీద కెమెరా ఉంది, దాని బొమ్మ సీటు ముందున్న తెరమీదే కనిపిస్తుంది. సినిమాలన్నీ వదిలేసి దిగేదాకా అదే చూశారని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంటుంది.

ఇక ఎయిర్‌లైన్ చేతిలో ఉన్న సగానికి వద్దాం. అసలు జవాబు ఇక్కడుంది. 787 ఎకానమీలో దాదాపు అందరూ వరసకి తొమ్మిది సీట్లు, అంటే 3-3-3 (మూడేసి సీట్లు, మధ్యలో రెండు నడవలు) వేస్తారు. సీటు వెడల్పు 17 అంగుళాల చిల్లర. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం అంతర్జాతీయ రూట్లలో అదే 787లో 2-4-2 వేసింది. వరసకి ఎనిమిదే. కిటికీ పక్కన రెండే సీట్లు, అంటే భార్యాభర్తలిద్దరే కూర్చుంటారు. బాత్రూమ్‌కి లేవాలంటే పరాయి మనిషిని నిద్రలేపే పని లేదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఈ ఒక్క సౌకర్యం ముందు మిగతావన్నీ దిగదుడుపే. ఆ జపాన్ ఎయిర్‌లైన్స్ టోక్యో నరిటా నుంచి బెంగళూరుకి 787 నడుపుతోంది.

ఏ350 ఒళ్ళు కొంచెం వెడల్పు. కాబట్టి అదే 3-3-3లో సీటు 18 అంగుళాల దాకా వస్తుంది. అంగుళమేగా అనిపిస్తుంది, పదిహేను గంటలు పక్కవాడి మోచేతితో పోట్లాడితే దాని విలువ తెలుస్తుంది. అలాగని ఏ350 అన్న పేరు చూసి నమ్మేయకండి. కొన్ని ఎయిర్‌లైన్స్ అందులోనే వరసకి పది సీట్లు ఇరికించాయి. ఒక్క సింగపూర్ ఎయిర్‌లైన్స్‌నే చూడండి, అదే ఏ350-900ని మూడు రకాలుగా వేసింది. దగ్గరి రూట్లకి 303 సీట్లు, దూరానికి 253, న్యూయార్క్ వైపు 2018లో మొదలుపెట్టిన పద్దెనిమిది గంటల ఫ్లైట్లకి 161. ఆ ఆఖరిదాంట్లో ఎకానమీయే లేదు, అంతా బిజినెస్, ప్రీమియం ఎకానమీ. బయటినుంచి చూస్తే మూడూ ఒకే విమానం.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. బోయింగ్ వాళ్ళ పాత 777లో చాలా ఎయిర్‌లైన్స్ 3-4-3 వేస్తాయి, సీటు 17 అంగుళాలు. కానీ విమానం తోకవైపు సన్నబడుతుంది కాబట్టి చాలా 777-300ఈఆర్‌లలో చివరి రెండు మూడు వరసల్లో కిటికీవైపు రెండే సీట్లు ఉంటాయి. బాత్రూమ్ వాసన, జనం క్యూ భరించగలిగితే అవి పెద్దవాళ్ళకి మంచివే. ఎయిర్‌బస్ వాళ్ళ రెండంతస్తుల ఏ380 పాత డిజైన్ అని తీసిపారేయకండి, దాని ఎకానమీ సీటు ఏ350తో సమానంగా ఉంటుంది. ఎమిరేట్స్ 2022 అక్టోబరు నుంచి దాన్ని బెంగళూరుకి తెచ్చింది.

బెంగళూరు నుంచి ఏవేవి ఉన్నాయన్నారు కదా. లుఫ్తాన్సా 2023 నవంబరులో మ్యూనిక్ ఫ్లైట్ ఏ350తో మొదలుపెట్టింది. కేఎల్ఎం 2019లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 787-9తో వచ్చింది. వర్జిన్ అట్లాంటిక్ 2024 మార్చి 31న లండన్ నుంచి 787-9తో వచ్చింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏ350-1000ని ఇక్కడికి తిప్పింది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా ఏ350నే నడుపుతూ వచ్చింది. ఎయిర్ ఇండియా ఏ350 మొదటి ప్రయాణికుల ఫ్లైట్ 2024 జనవరి 22న బెంగళూరు నుంచి ముంబైకే. పైలట్లకి అలవాటు కావాలని కొన్ని నెలలు దేశంలోనే తిప్పారు. ఆ రోజుల్లో ముంబై మీటింగ్‌కి మామూలు టికెట్‌తో నేనూ ఎక్కాను, గంటన్నరకే దించేస్తారు గనక మీ ప్రశ్నకి అది పనికిరాదు. సీట్లు మాత్రం శుభ్రంగా, కాళ్ళకి చోటుతో ఉన్నాయి. ఆ విమానాలు మొదట రష్యా ఎయిర్‌లైన్ ఏరోఫ్లోట్ కోసం తయారైనవి, తర్వాత ఇటు వచ్చాయి. రూట్లూ విమానాలూ సీజన్‌కొకసారి మారుతుంటాయి, బుక్ చేసే రోజున మళ్ళీ చూసుకోండి.

ఇక్కడ చాలామంది చేసేదేంటంటే, బెంగళూరులో ఎక్కే విమానం ఒక్కటే చూస్తారు. దుబాయ్‌కి నాలుగు గంటలు, సింగపూర్‌కి నాలుగున్నర. అది ఏ విమానమైనా గడిచిపోతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతి పది పదిహేను గంటల ఫ్లైట్. కాబట్టి ముందు రెండో ఫ్లైట్‌కి ఏ విమానం వేశారో చెప్పే కోడ్ చూడండి. 359, 351 అంటే ఏ350. 788, 789, 781 అంటే 787. 388 అంటే ఏ380. 77డబ్ల్యూ అంటే 777-300ఈఆర్. శాన్‌ఫ్రాన్సిస్కోకి తూర్పు దారిలో సింగపూర్ మీదుగా రెండు ముక్కలూ ఏ350లో దొరికే వీలుంది, సింగపూర్ నుంచి అక్కడికి వాళ్ళు ఆగకుండా నడుపుతారు. పెద్దవాళ్ళకి నేను ఎక్కువగా చూసేది ఇదీ, టోక్యో దారీ.

ఆ కోడ్ చూసి డబ్బు కట్టినా అదే విమానం వస్తుందన్న గ్యారంటీ లేదు. మావాళ్ళకి ఒకసారి ఒక ఎయిర్‌లైన్‌లో నడవ పక్కన సీట్లు డబ్బు కట్టి మరీ తీసుకుంటే, ప్రయాణానికి ముందు వారం విమానం మారిపోయి నాన్న ఒకచోట, అమ్మ నాలుగు వరసల వెనక మధ్య సీట్లో పడ్డారు. ఫోన్ చేస్తే సిస్టమ్ వేసింది మేడమ్ అన్నారు, అంతే. సీటు డబ్బు తిరిగి రావడానికి నెలల పాటు మెయిల్స్ పెట్టాల్సొచ్చింది. విమానాలు మారడానికి కారణాలు చాలానే. 787లో కొన్నింటికి ఉండే రోల్స్‌రాయిస్ ట్రెంట్ 1000 ఇంజన్లలో భాగాలు అనుకున్నదానికంటే ముందే అరిగిపోవడంతో 2018 ప్రాంతంలో ఎన్నో విమానాలు నేలమీదే ఉండిపోయాయి. ఏ350కి వేరే ఇంజన్, ట్రెంట్ ఎక్స్‌డబ్ల్యూబీ. అందుకే బుక్ చేశాక పదిహేను రోజులకోసారి సీట్ మ్యాప్ తెరిచి చూడండి. మారిందనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి, విమానాశ్రయంలో చూసుకుందాం అనుకోవద్దు.

అమ్మగారి భయం గురించి. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలింది 787-8. ఆ మోడల్ సర్వీసులోకి వచ్చిన దాదాపు పద్నాలుగేళ్ళలో ప్రాణాలు పోయేలా 787 కూలడం అదే మొదటిసారి. గాల్లోకి లేచిన కొన్ని సెకన్లకే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లూ కటాఫ్‌కి, అంటే ఇంధనం ఆపేసే స్థితికి మారాయని జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఇదంతా మీకోసం రాస్తున్నా, అమ్మగారికి చదివి వినిపించడానికి కాదు. భయపడేవాళ్ళకి లెక్కలు చెప్తే భయం పోదు, నోరు మూసుకుంటారు అంతే. ఏ350 దొరికితే అదే చేసేయండి, ఆవిడ పదిహేను గంటలు ప్రశాంతంగా కూర్చుంటారు. ఏ350కీ ప్రమాదం జరగలేదని కాదు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350, రన్‌వే మీదున్న కోస్ట్‌గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. ఆ చిన్న విమానంలో ఐదుగురు చనిపోయారు. ఏ350 పూర్తిగా కాలిపోయినా అందులోని 379 మందీ బయటపడ్డారు. బ్యాగులు వదిలేసి దిగమంటే జనం మాట విన్నారు. ఇది మాత్రం అమ్మానాన్నలిద్దరికీ చెప్పండి: ఏదైనా జరిగితే పచ్చడి సీసాల సంచి కోసం వెనక్కి తిరగద్దని.

20 వేల సంగతి. ఇద్దరికీ కలిపి 20 వేలైతే ఏ350కి గానీ, జపాన్ వాళ్ళ 787కి గానీ పెట్టండి. మనిషికి 20 వేలైతే నేను పెట్టను. అందులో కొంత తీసి మంచి సీట్లు ముందే కొనేస్తాను, మూడు నాలుగు గంటల కనెక్షన్ ఉన్న టికెట్ తీసుకుంటాను. గంటన్నర కనెక్షన్ పెద్దవాళ్ళకి పరుగు, పది గంటలది నరకం. ఇక సీట్లలో, గోడ ముందుండే మొదటి వరస కాళ్ళకి బాగుంటుందని అందరూ చెప్తారు. నేను తీసుకోను. తెర, ట్రే రెండూ చేయి ఆనించుకునే పట్టీలో ఉంటాయి కాబట్టి ఆ పట్టీ లేవదు, సీటు ఇంకా ఇరుకవుతుంది. మందుల సంచి కూడా టేకాఫ్‌కి పైన పెట్టాల్సిందే.

వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడద్దు. నడవలేక కాకపోయినా, ఇంగ్లీషు రాక మధ్య ఎయిర్‌పోర్టులో ఏ గేటుకి వెళ్ళాలో తెలీక తీసుకునేవాళ్ళే మనలో ఎక్కువ. నిజంగా నడవలేనివాళ్ళకి ఇబ్బంది అని కొందరు తిడతారు, అందులో న్యాయం లేకపోలేదు. అయినా మీ అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులున్నాయని రాశారు కాబట్టి మీకు ఆ ప్రశ్నే లేదు. కనీసం 48 గంటల ముందు చెప్పి, రెండు ఫ్లైట్లకీ పడిందో లేదో మెయిల్‌లో రాయించుకోండి.

అనంతపురం నుంచి కారులో వస్తే బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటాక సిటీలోకి రాకముందే దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు తగులుతుంది. కాబట్టి ముందురోజు వచ్చి బంధువుల ఇంట్లో దిగి, మళ్ళీ హెబ్బాళ ట్రాఫిక్‌లో వెనక్కి వెళ్ళే పని పెట్టుకోవద్దు. అంతర్జాతీయ ఫ్లైట్లు 2023 సెప్టెంబరు నుంచి టెర్మినల్ 2కి మారాయి, డ్రైవర్‌కి అది గట్టిగా చెప్పండి.

ఏ నెలలో వెళ్తున్నారో, అమ్మగారికి మధ్యలో ఎంతసేపు ఆగితే ఓపికుంటుందో కింద రాయండి. సింగపూర్ దారా, టోక్యో దారా అన్నది సీట్ మ్యాప్‌లు పక్కపక్కన పెట్టి చూసి చెప్తాను.