రెండు ట్రాన్స్‌ఫర్ కేసుల మధ్య ఎడాప్టర్: హైలక్స్‌కు ఏది తీసుకోవాలి, జిప్సీకి అసలు వేయవచ్చా?

మస్కట్‌లో ఉన్న మీ అన్నయ్య తన పాత టయోటా హైలక్స్‌కు రెండో ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ శక్తిని ముందు వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) వేయించుకుంటున్నారని, రెండు కేసులను కలిపే ఎడాప్టర్ అల్యూమినియంది కొనాలా ఉక్కుది కొనాలా అని, అదే పద్ధతిలో సోంపేటలో ఉన్న మీ మారుతి సుజుకీ జిప్సీకి కూడా చేయించవచ్చా అని అడిగారు. ఉద్దానం నుంచి వెళ్లిన చాలామందిలాగే నేనూ కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేశాను. ఒమన్‌లోని ఒక గ్యారేజీలో, హజర్ కొండల్లో తిరిగే హైలక్స్ బండ్లకు ఈ పని చేసేవాళ్లం. ఇప్పుడు పలాసలో సొంత షెడ్డు నడుపుతున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఎడాప్టర్ ఏ లోహంతో చేశారన్నది ఆఖరున చూడవలసిన సంగతి. దాని లోపలి షాఫ్టును ఏ బేరింగు మోస్తోంది, రెండు పెట్టెలను ఒకే వరుసలో ఏది పట్టి ఉంచుతోంది అన్నవి ముందు చూడాలి. మీ జిప్సీకి మాత్రం ఈ దారి నేను సూచించను. దానికి కారణం కింద రాశాను.

హైలక్స్‌లో ఈ పని ఇలా జరుగుతుంది. మొదటి కేసులో లో-రేంజి (వేగం తగ్గించి లాగే బలం పెంచే) గేర్లున్న ముందు భాగాన్ని మాత్రం ఉంచుకుని, ముందు వెనక యాక్సిళ్లకు షాఫ్టులు వెళ్లే భాగాన్ని విప్పేస్తారు. ఆ చోట ఎడాప్టర్‌ను బిగించి, దాని వెనక రెండో కేసును పూర్తిగా తగిలిస్తారు. పాత హైలక్స్‌లో వచ్చే, గేర్లతో నడిచే కేసులో లో-రేంజి నిష్పత్తి 2.28, అంటే చుట్లు అన్ని రెట్లు తగ్గి, తిప్పే బలం అన్ని రెట్లు పెరుగుతుంది. హైలక్స్‌లో వచ్చే డబ్ల్యూ56 గేర్‌బాక్స్ మొదటి గేరు 3.95, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్లు) 4.10 అనుకుంటే, ఒక కేసుతో మొత్తం తగ్గింపు సుమారు 37 రెట్లు, రెండు కేసులూ లో-రేంజిలో పెడితే సుమారు 84 రెట్లు అవుతుంది. 31 అంగుళాల టైర్లతో ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు గంటకు 4 కిలోమీటర్ల వేగంతో పోయే బండి, రెండు కేసులతో గంటకు 1.8 కిలోమీటర్ల దగ్గర నిలకడగా నడుస్తుంది. క్లచ్ సగం తొక్కి పట్టకుండా, బ్రేకు మీద ఆధారపడకుండా రాయి మీద నుంచి రాయి మీదకు దిగగలగడం ఈ ఖర్చుకు దక్కే ప్రయోజనం.

అయితే రెండో కేసు తయారైనప్పుడు గేర్‌బాక్స్ నుంచి నేరుగా వచ్చే శక్తికి సరిపడేలా తయారైంది. ఇప్పుడు ఆ శక్తి ముందు పెట్టెలో 2.28 రెట్లు పెరిగి, ఎడాప్టర్ షాఫ్టు ద్వారా దాని ఇన్‌పుట్ గేరుకు చేరుతోంది. మొత్తం అమరికలో ఎక్కువ శ్రమపడే చోటు అదే. నాలుగు సిలిండర్ల హైలక్స్ కేసులో ఈ చోట 21 స్ప్లైన్లు (షాఫ్టు మీద కోసిన పళ్లు) ఉంటాయి. వీ6 బండ్లది 23 స్ప్లైన్ల ఇన్‌పుట్. వెనక కేసుకు 23 స్ప్లైన్ల ఇన్‌పుట్ గేరు దొరికితే, దానికి సరిపడే ఎడాప్టర్‌నే తీసుకోమని మీ అన్నయ్యకు చెప్పండి. 21 స్ప్లైన్లది చవకగా వస్తుంది, మామూలు వాడకానికి ఆగుతుంది కూడా. కానీ పెద్ద టైర్లు వేసి రాళ్ల మీదకు ఎక్కించే బండికి నేను దాన్ని వేయను.

అమరిక సంగతి ఇంకా ముఖ్యం. బోల్టులు పెట్టెలను బిగించి ఉంచుతాయే తప్ప, షాఫ్టుల కేంద్రాలను ఒకే గీత మీదకు తీసుకురాలేవు. ఆ పని చేసేది ఎడాప్టర్ రెండు ముఖాల మీద కోసిన గుండ్రటి మెట్టు, లేదా డోవెల్ పిన్నులు (రెండు ముఖాలను సరైన చోట కుదిర్చే పిన్నులు). మా గ్యారేజీకి ఒకసారి, వేరేచోట బిగించి తెచ్చిన బండి వచ్చింది. చూడడానికి ఆ ఎడాప్టర్ మందంగా, మెరుస్తూ, ఎంతో దృఢంగా ఉంది. లో-రేంజిలో పెట్టగానే మాత్రం పెట్టెలో ఊళ వేసినట్టు శబ్దం వచ్చేది. విప్పి డయల్ గేజ్ (సన్నటి తేడాలు కొలిచే పరికరం) పెట్టి తిప్పి చూస్తే, ముందు ముఖం మీది మెట్టుకూ వెనక ముఖం మీది మెట్టుకూ కేంద్రం కలవలేదు. బేరింగు అప్పటికే గీతలు పడి పాడైంది, స్ప్లైన్ల అంచులు ఒకవైపే అరిగాయి. అందుకే ఎడాప్టర్ చేతికి రాగానే, పెట్టె విప్పకముందే, మంచి లేత్ మీద పెట్టి ఈ కొలత చూపించాలి. తేడా 0.1 మిల్లీమీటరు దాటితే నేను దాన్ని తిరిగి పంపిస్తాను. ఇంత శ్రద్ధ అనవసరమని చెప్పే మేస్త్రీలు ఉంటారు. వాళ్ల మాట విని ఈ పరీక్ష మానవద్దు.

అమ్మేవాళ్లను తప్పక అడగవలసిన మరో ప్రశ్న ఆయిల్ సీలు గురించి. నిట్టనిలువు ఎత్తులో బండి ఎక్కువసేపు ముక్కు పైకెత్తి ఉంటే, మధ్యలో సీలు లేని ఎడాప్టర్‌లో ముందు పెట్టె నూనె వెనక పెట్టెలోకి జారిపోతుంది. ముందుది ఎండిపోతుంది, వెనకది నిండి గాలిగొట్టం నుంచి కక్కుతుంది. రెండు పెట్టెలకూ విడిగా నూనె పోసే, తీసే బిరడాలు ఉండి, మధ్యన సీలు ఉన్న నమూనానే మంచిది. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే నూనె మార్చి, అయస్కాంతం ఉన్న బిరడాకు ఎంత ఇనుప పొడి అంటిందో చూడాలి.

ఈ అమరికతో వెనక కేసు సుమారు ఆరున్నర అంగుళాలు వెనక్కి జరుగుతుంది. కాబట్టి కేసు నుంచి యాక్సిల్‌కు వెళ్లే వెనక ప్రొపెల్లర్ షాఫ్టును అంత పొట్టి చేయాలి, ముందుదాన్ని అంత పొడవు చేయాలి. పొట్టి షాఫ్టుకు క్రాసుల (షాఫ్టు చివర వంగే కీళ్ల) దగ్గర కోణం పెరుగుతుంది. దానికి తోడు బరువంతా వెనక్కి వేలాడుతుంది గనుక, వెనక కేసుకు ఛాసిస్ మీద ప్రత్యేకంగా ఆసరా ఇవ్వకపోతే ఆ భారం ఎడాప్టర్ ముఖాల మీదే పడి పగుళ్లు వస్తాయి. అల్యూమినియమా, ఉక్కా అన్న మీ ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. ఆసరా సరిగా ఉంటే మంచి అల్యూమినియం ఎడాప్టర్ చాలు. ఆసరా లేకపోతే ఉక్కుది కూడా బండిని కాపాడదు.

ఇక మీ జిప్సీ. హైలక్స్ కేసు హై-రేంజిలో నిష్పత్తి సరిగ్గా 1, అంటే ముందు పెట్టె మామూలు రోడ్డు మీద ఏమీ మార్చదు. 1.3 లీటర్ల జిప్సీ కేసుకు హై-రేంజిలోనే 1.409, లో-రేంజిలో 2.268 ఉంటాయి. అటువంటి రెండింటిని వరుసగా కలిపితే రెండూ హైలో ఉన్నప్పుడు కూడా తగ్గింపు 1.985 అవుతుంది. అంటే సోంపేట నుంచి శ్రీకాకుళం వరకు హైవే మీద ఇప్పుడు 3000 చుట్లతో పోయే వేగానికి 4200 పైచిలుకు చుట్లు కావాలి. పైగా జిప్సీలో కేసు గేర్‌బాక్స్‌కు అంటుకుని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్టు ఉండి, కేసు రబ్బరు మౌంట్ల మీద విడిగా కూర్చుంటుంది. అక్కడ మరో పెట్టెకు చోటు వెతికితే ఆ చిన్న షాఫ్టు మరీ పొట్టిదై కోణం చెడుతుంది.

దీనికి బదులు, ఉన్న కేసులోనే గేర్లు మార్చే సెట్లు ఈ సుజుకీ కేసుకు దొరుకుతాయి. లో-రేంజి నిష్పత్తిని 4.16 చేసే సెట్టు వేస్తే లో-రేంజి తగ్గింపు ఇప్పటికంటే 1.8 రెట్లకు పైగా పెరుగుతుంది. టెక్కలి క్వారీ దారులకు, మందస కొండల వైపు బాటలకు అది ధారాళంగా సరిపోతుంది. హై-రేంజి కూడా ఎంత మారుతుందో సెట్టు కొనేముందే తెలుసుకోండి. ఈ పనితో పాటు కేసు మౌంట్లను బలపరచడం తప్పనిసరి, ఎందుకంటే పెరిగిన శక్తికి ముందు పాడయ్యేవి ఆ రబ్బర్లే. బారువ తీరం ఇసుకలోనో వంశధార ఇసుక మేటల్లోనో తిరగడం మీ ప్రధాన అవసరమైతే మాత్రం ఈ ఖర్చు అసలు పెట్టవద్దు. ఇసుకలో చక్రానికి వేగం కావాలి, టైర్లలో గాలి తగ్గించాలి. మరీ లో గేర్లు అక్కడ పెద్దగా పనికిరావు.

ఒక విషయం మిగిలింది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. కాబట్టి గేర్లకు బయానా ఇవ్వకముందే రవాణా శాఖ కార్యాలయంలో మాట్లాడి, వాళ్లు చెప్పినది రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాత కేసు విప్పించేటప్పుడు పాత గేర్లు, షిమ్ములు (సందు సరిచేసే పలుచటి రేకులు) విడిగా కట్టి దాచండి. మళ్లీ మొదటి స్థితికి తేవలసి వస్తే అవే కావాలి.