దశాంశాలను రౌండ్ చేయడం పిల్లలకి ఆటలా నేర్పడం ఎలా?

మీ పాప ఐదో తరగతి అన్నారు. "ఐదు, ఆపైన ఉంటే ఒకటి కలపాలి, తక్కువైతే వదిలెయ్యాలి" అని రూల్ తడుముకోకుండా అప్పజెప్పేస్తుంది, తీరా 4.38ని ఒక దశాంశ స్థానానికి సవరించమంటే (రౌండ్ చేయమంటే) ఒకసారి 5 అని, ఇంకోసారి 4.3 అని రాస్తోంది అన్నారు. ఈ వయసు పిల్లలకి నేను చాలాకాలంగా సాయంత్రాలు లెక్కలు చెబుతున్నాను. ఇది మీ పాప ఒక్కదాని ఇబ్బంది కాదండి. రూల్ నోటికి వచ్చింది కానీ ఆ సంఖ్య ఎక్కడ ఉంటుందో కంటికి ఆనలేదు. రౌండ్ చేయడమంటే "నేనున్న చోటుకి ఏది దగ్గర?" అన్న ఒక్క ప్రశ్న. ఆ దూరం కాళ్లకి తెలిస్తే తొందరగా పట్టుబడుతుంది. అందుకే పుస్తకం పక్కన పెట్టి పాపని డాబా మీదకి తీసుకెళ్లండి.

సుద్దముక్కతో పొడుగాటి గీత గీయండి. ఈ చివర ఒక ఇల్లు, ఆ చివర ఒక ఇల్లు. ఒకదాని మీద 4, రెండోదాని మీద 5 అని రాయండి. మధ్యలో పది సమాన భాగాలు చేసి అడ్డగీతలు పెట్టండి, భాగానికి అడుగు చొప్పున ఉంటే చాలు. సరిగ్గా మధ్యలో పడే గీతని వేరే రంగు సుద్దతో గీయండి. మీరు ఒక సంఖ్య పిలిస్తే పాప వెళ్లి ఆ చోట నిలబడాలి. "పో!" అనగానే దగ్గరున్న ఇంటికి పరిగెత్తాలి. పక్కింటి పిల్లలు కూడా ఉంటే ఇంకా మంచిది. తప్పు ఇంటికి వెళ్లినవాళ్లు ఔట్.

ముందు 4.2, 4.9 లాంటివి పిలవండి. తర్వాత 4.38 అనండి. మూడో గీత దాటాలి, నాలుగో గీతకి కాస్త ఇవతల ఆగాలి. పిల్లలు అక్కడ పాదం ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ నిలబడడం చూస్తే మీకే తెలుస్తుంది, బుర్ర పనిచేస్తోందని. రంగు గీత ఇంకా ముందే ఉంది కాబట్టి 4 ఇంటికే పరిగెత్తుతారు.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. గీతని అలాగే ఉంచి, ఇళ్ల మీది అంకెలు చెరిపి 4.3, 4.4 అని రాయండి. ఇప్పుడు ఆ అడ్డగీతలే 4.31, 4.32, 4.33 అవుతాయి. మళ్లీ 4.38 పిలవండి. ఇందాక వెనక్కి పరిగెత్తిన పిల్ల ఈసారి ముందుకి, 4.4కి పరిగెత్తుతుంది. సంఖ్య మారలేదు, ఇళ్లు మారాయి. "ఒక దశాంశ స్థానానికి", "దగ్గరి పూర్ణ సంఖ్యకి" అని ప్రశ్నలో ఉండే మాటలు ఏ ఇళ్ల మధ్య ఆడాలో చెబుతున్నాయి, అంతే. మీ పాప ఒకసారి 5 అనీ, ఇంకోసారి 4.3 అనీ రాస్తోందంటే పట్టు తప్పుతున్నది ఇక్కడే. కాబట్టి ఇళ్లు మార్చే ఈ ఆటని తొందరపడి ముగించకండి. రోజుకి కాసేపే అయినా కొన్నాళ్లు సాగనివ్వండి.

ఇళ్లు మళ్లీ 4, 5 చేసి 4.5 పిలిచినప్పుడు గొడవ వస్తుంది. రానివ్వండి. రెండు ఇళ్లూ సమాన దూరంలో ఉన్నాయని వాళ్లే చెప్పాలి. అప్పుడు చెప్పండి, ఇలాంటప్పుడు పై ఇంటికి వెళ్లాలని పెద్దవాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారని. మన జీఎస్టీ చట్టం 170వ సెక్షన్‌లో ఉన్నదీ ఇదే: 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేస్తారు, అంతకంటే తక్కువైతే వదిలేస్తారు. సరిగ్గా మధ్యలో ఉంటే సరి సంఖ్య వైపు వెళ్లే పద్ధతి కూడా ఒకటుంది, బ్యాంకర్స్ రౌండింగ్ అంటారు. ఈ వయసులో అది అక్కర్లేదు, పిల్లలు అడిగితే మాత్రం దాచకండి.

కాస్త కుదురుకున్నాక నీరజ్ చోప్రాని రంగంలోకి దించండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అతను ఈటె విసిరిన దూరం 89.45 మీటర్లు. దగ్గరి మీటరుకి సవరించమంటే చాలామంది పిల్లలు 89.45ని ముందు 89.5 చేసి, దాన్ని మళ్లీ 90 చేసేస్తారు. నీరజ్ 90 మీటర్లు దాటడానికి 2025 మే నెల దాకా ఆగాల్సి వచ్చింది, దోహాలో 90.23 విసిరాడు. "అంత కష్టపడి అందుకున్న 90ని తొమ్మిది నెలల ముందే ఇచ్చేద్దామా?" అంటే పిల్లలు ఒప్పుకోరు. 89, 90 ఇళ్ల మధ్య 89.45 దగ్గర నిలబడమనండి, మధ్య గీత ఇంకా దాటలేదని తెలిసిపోతుంది. మెట్టు మీద మెట్టుగా రౌండ్ చేయకూడదని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

అదే పోటీలో స్వర్ణం గెలిచిన అర్షద్ నదీమ్ దూరం 92.97. ఒక దశాంశ స్థానానికి సవరించమంటే 92.10 అని రాసే పిల్లలుంటారు. 92.9 తర్వాతి ఇల్లు ఏదో సుద్దతో వాళ్లనే రాయమనండి. 93.0 అని వాళ్ల చేత్తో వాళ్లే రాస్తారు. ఆ చివరి సున్నాని చెరపనివ్వకండి, ఒక స్థానం దాకా చూశామని చెప్పేది అదే.

క్రికెట్ పిచ్చి ఉన్న ఇల్లయితే ఒక జాగ్రత్త. ఓవర్లతో మాత్రం ఈ ఆట ఆడించకండి. 19.5 ఓవర్లంటే పందొమ్మిదిన్నర కాదు, ఇంకొక్క బంతి పడితే ఇరవై. అక్కడ చుక్క ఉంది కానీ అది దశాంశం కాదు. రన్ రేట్ అయితే నిక్షేపంగా వాడుకోవచ్చు.

వాన పడితే పేక తీయండి. బొమ్మ ముక్కలు పక్కన పెట్టేసి ఆసుని 1గా, పదిని 0గా అనుకోండి. తలా మూడు ముక్కలు. వాటిని పేర్చి ఒక అంకె, చుక్క, రెండు అంకెలు వచ్చేలా సంఖ్య చేయాలి. మీరు "7" అంటే, సవరిస్తే 7 వచ్చే సంఖ్య చేసినవాళ్లకి ఒక పాయింట్. 6, 4, 9 వచ్చిన పిల్ల 6.49 పేరిస్తే పాయింట్ పోతుంది, 6.94 పేరిస్తే వస్తుంది. ఇందులో ప్రశ్న తిరగబడుతుంది: జవాబు ముందే తెలుసు, దానికి సరిపడే సంఖ్యని వెతకాలి. 6.50 నుంచి 7.49 దాకా ఏదైనా పనికొస్తుందని పిల్లలు తమంతట తామే కనిపెడతారు. డాబా ఆట తర్వాత నాకు బాగా నచ్చేది ఇదే.

సూపర్‌మార్కెట్ బిల్లులు కూడా పారేయకండి. చాలా బిల్లుల్లో అడుగున "రౌండ్ ఆఫ్" అని ఒక లైను ఉంటుంది. మొత్తం 347.62 అయితే అక్కడ +0.38 అని, 212.30 అయితే -0.30 అని పడుతుంది. ఆ లైనునీ, దాని కింద ఉన్న మొత్తాన్నీ కనపడకుండా మడిచేసి అక్కడ ఏముందో చెప్పమనండి.

నోట్స్‌లోకి వచ్చేసరికి రూల్‌తో మొదలుపెట్టనివ్వకండి. ప్రతి లెక్క పక్కనా మార్జిన్‌లో చిన్న గీత గీసి, రెండు చివర్లా ఇళ్ల పేర్లు రాసి, సంఖ్య ఉన్న చోట చుక్క పెట్టమనండి. స్కూల్లో టీచర్‌కి కూడా ఒక మాట చెప్పి ఉంచండి, పరీక్షలో ఆ గీత రఫ్ వర్క్ కింద వేసుకోనిస్తారు. ఎప్పుడు మానేయాలో మీరు చెప్పక్కర్లేదు. అవసరం తీరాక పాపే గీయడం మానేస్తుంది.