టెస్టుల మాట ఆయనతో ఎలా ఎత్తాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఉండేది కూకట్‌పల్లి, ఉద్యోగం మాదాపూర్‌లో. నిశ్చితార్థం అయింది, పెళ్లికి రెండున్నర నెలలుంది. మూడేళ్ల కిందట ఒకమ్మాయితో దగ్గరగా ఉన్నానని ఆయనే చెప్పారు. హెచ్‌ఐవీ లాంటి టెస్టులు చేయించుకోమని అడగాలంటే నోరు రావడం లేదు. 'నన్ను అనుమానిస్తున్నావా' అంటే? సంగతి పెద్దవాళ్ల దాకా వెళితే?

జవాబు: అమ్మా, ఆయన దాచకుండా చెప్పారు కాబట్టే మీకు అడగడం కష్టమవుతోంది. నిజం చెప్పినందుకు శిక్ష వేసినట్టు అవుతుందేమోనని మీ బాధ. అందుకే ఆ పాత సంగతి ఎత్తకండి. 'మీరు చేయించుకోండి' అనకుండా 'మనం చేయించుకుందాం' అనండి. ఇంకా మంచిది, ముందు మీరే చేయించుకోండి.

నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి అలాగే చేసింది. టీ తాగుతూ తన రిపోర్టు తీసి కాబోయే భర్త ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివి, 'సూది గట్టిగా గుచ్చారా?' అని అడిగాడట. ఆ వారమే తనూ వెళ్లాడు.

ఈ మాట వాట్సాప్‌లో వద్దు. దుర్గం చెరువు దగ్గర నడుస్తూ చెప్పండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు మొహమాటం కాస్త తగ్గుతుంది.

గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో (ప్రభుత్వం నడిపే హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రాలు) హెచ్‌ఐవీ టెస్టు ఉచితం, కౌన్సెలింగ్ కూడా ఉంటుంది. పెద్దవాళ్లకు తెలుస్తుందని భయపడకండి. మీ అనుమతి లేకుండా టెస్టు చేయడం, ఫలితం బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం కుదరదు. చివరి కలయిక జరిగి మూడు నెలలు దాటితే రిపోర్టును నమ్మవచ్చు. అంతకంటే దగ్గరిదైతే మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి.

హెచ్‌ఐవీ ఒక్కటే చూసి ఊరుకోకండి. కలయిక ద్వారా సోకే సిఫిలిస్, హెపటైటిస్ బి కూడా రక్తపరీక్షలో తెలుస్తాయి. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులకు మూత్రం లేదా స్వాబ్ (దూదిపుల్లతో నమూనా తీసే) పరీక్ష కావాలి. ఆడవాళ్లలో ఇవి చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. లోలోపల గర్భనాళాలను దెబ్బతీసి, తర్వాత పిల్లలు పుట్టకుండా చేయగలవు. ఈ రెండూ, సిఫిలిస్ కూడా, యాంటీబయాటిక్స్‌తో నయమవుతాయి. చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ని కలిసి అన్నీ ఒకేసారి రాయించుకోండి. హెపటైటిస్ బి లేదని తేలితే ఇద్దరూ టీకా వేయించుకోవచ్చు. ఆరు నెలల్లో మూడు డోసులు.

ఒకవేళ హెచ్‌ఐవీ అని తేలినా జీవితం ఆగిపోదు. హెచ్‌ఐవీకి చికిత్స చేసే ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో మందులు ఉచితం. క్రమం తప్పకుండా వాడి, వైరస్ టెస్టులో కనబడనంతగా తగ్గి అలాగే ఉంటే, అది కలయిక ద్వారా జీవిత భాగస్వామికి సోకదు.

ఆయన కోప్పడితే వాదించకండి, వారం ఆగండి. వద్దన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, రిపోర్టు అంటేనే భయపడే మగవాళ్లు చాలామంది ఉన్నారు. ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి రండి. అప్పటికీ ససేమిరా అంటే, కారణం తెలిసేదాకా శుభలేఖలు అచ్చు వేయించవద్దనే నేను చెబుతాను. ఈలోగా సందేహం వస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం, మీ పేరు చెప్పక్కర్లేదు.