పదకొండు మందిని బ్లాక్ చేశాను, ఒక్కరి దగ్గర పొరబడ్డాను

మీ ప్రశ్న ఇది: గ్రూపు చర్చల్లో ఒకాయన ప్రతిదానికీ అడ్డు తగులుతూ విసిగిస్తున్నారు, బ్లాక్ చేస్తే నిజంగా ప్రయోజనం ఉంటుందా?

నేను ఆరేళ్లుగా ఫేస్‌బుక్‌లో పద్యాల గ్రూపుల్లో తిరుగుతున్నదాన్ని. ఇప్పటికి పదకొండు మందిని బ్లాక్ చేశాను. వారిలో పది మందిని ఇంకా ముందే చేయవలసింది. పదకొండో ఆయన సంగతి వేరు, అక్కడికే వస్తాను.

పది మంది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పద్యం పెట్టిన పావుగంటకే ఇన్‌బాక్సులోకి వచ్చి "మేడమ్, ఒంటరిగా ఉంటారా?" అని అడిగినవారు నలుగురు. కులం పేరెత్తి తిట్టినవారు ఇద్దరు. పొద్దున్నే గులాబీల మీద సూక్తులు పంపేవారు ఇద్దరు. ప్లాట్లు అమ్మజూపినవాడు ఒకడు. ఇది చదువుతున్న ఆడవాళ్లకు ఒక్క మాట: అలాంటివారికి సంజాయిషీ ఇవ్వకండి, హితబోధ అసలే చేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తరువాత బ్లాక్ చేయండి.

పదోవాడితో మాత్రం కాస్త కాలం పోగొట్టుకున్నాను. రాజధాని మీద నేను రాసిన ఒక ఆటవెలది పద్యం పట్టుకుని పది రోజులు వాదించాడు. నేనూ తక్కువ తినలేదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గట్టుకు ఆనుకుని జవాబు టైపు చేసేదాన్ని. ఒకరోజు భోజనాల దగ్గర మా వారు మొదటి ముద్ద నోట పెట్టుకుని, నా వైపు చూసి, మాట్లాడకుండా మజ్జిగ కలుపుకున్నారు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశానని నేను తిన్నాక గాని తెలియలేదు. ఆ సాయంత్రమే అతన్ని బ్లాక్ చేశాను. రెండు రోజులకు కొత్త పేరుతో, కొత్త ఫొటోతో మళ్లీ వచ్చాడు. కాని ధన్యవాదములులో ఒత్తు వేసే అలవాటు అతనికి లేదు. "దన్యవాదములు" అని కనబడగానే పట్టేశాను. పట్టుదల ఉన్నవాడికి బ్లాక్ అనేది వెదురు తడిక లాంటిది. అప్పుడు గ్రూపు నిర్వాహకులకు చెప్పి పంపించేశాం. ఒకడు పది మందినీ పీడిస్తుంటే నిర్వాహకులకు చెప్పడమే పద్ధతి. నా ఒక్కదాని బ్లాకుతో నా కళ్లకు గంత కట్టుకున్నట్టే గాని, మిగిలినవారికి ఒరిగేదేమీ లేదు.

ఇక పదకొండో ఆయన. మా గ్రూపులో రోజూ ఉదయం ఒక సమస్య, అంటే పద్యంలో ఒక పాదం, ఇస్తారు; మిగతా పాదాలు రాసి సభ్యులం పూరణలు పెడతాం. మనం పద్యం పెట్టిన అయిదు నిమిషాల్లో ఆయన కామెంటు పడుతుంది: "అమ్మా, రెండవ పాదమున యతి తప్పినది. సవరించుకొనగలరు." అంతే. బాగుందని గాని, ఫలానా పదం మెచ్చుకున్నానని గాని ఒక్కనాడూ అనలేదు. "కందం చెప్పినవాడు కవి, పందిని పొడిచినవాడు బంటు" అని మన సామెత. ఈయన దృష్టిలో మా గ్రూపులో కవులూ లేరు, బంట్లూ లేరు.

ఛందస్సు తెలియనివారి కోసం: కందం నాలుగు పాదాల పద్యం. పాదాన్ని గణాలుగా, అంటే లఘువు గురువుల (పొట్టి, పొడుగు అక్షరాల) గుంపులుగా విడదీస్తారు. కందంలో రెండో పాదానికీ నాలుగో పాదానికీ యతి ఉంటుంది. పాదం మొదటి అక్షరానికీ, ఆ పాదంలోని నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి కుదరాలి. నేనొకసారి "మనసు"తో పాదం మొదలుపెట్టి యతి స్థానంలో "పలుకు" వేశాను. ఆయన రాశారు: "మకారమునకు పకారముతో చెల్లదు. ముకారమునకు పుకారముతో చెల్లును. పకారమునకు ముందు సున్న ఉన్నను చెల్లును. ఇది రెండునూ కాదు." ఆ చివరి వాక్యం చదివినప్పుడు నాకు కలిగిన చికాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం కావడంతో అది రెట్టింపయింది.

అమ్మ సంవత్సరీకం నాడు ఒక కందం రాసి పెట్టాను. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. మధ్యలో ఆయన: "మూడవ గణము జగణము. కందమున బేసి గణము జగణము కారాదు." జగణమంటే లఘువు, గురువు, లఘువు వరుసలో వచ్చే మూడక్షరాల గణం. రాత్రి పదకొండు దాటింది. ఏడుస్తూనే బ్లాక్ నొక్కాను.

పది రోజులు హాయిగా గడిచింది. తరువాత వింతలు మొదలయ్యాయి. ఫేస్‌బుక్ బ్లాక్ ఇరువైపులా పనిచేస్తుంది: ఆయన రాతలు నాకు కనబడవు, నావి ఆయనకు కనబడవు. ఎవరో పెట్టిన పూరణ కింద "అవును గురువుగారూ, సవరించాను" అని ఉంటుంది. ఆ గురువుగారు ఏమన్నారో నాకు తెలియదు. బస్సులో పక్క సీటాయన ఫోను మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే వినబడినట్టు ఉండేది. ఒకరోజు సంధి జరిగిన చోట యతి అచ్చుకు వేయాలా హల్లుకు వేయాలా అని పెద్ద చర్చ నడిచింది. అందరూ మెచ్చుకుంటున్న వివరణ ఆయనదే. నాకు దక్కినవి మెచ్చుకోళ్లు మాత్రమే.

అసలు దెబ్బ నాలుగు నెలల తరువాత తగిలింది. అరవై కందాలు ఏరి చిన్న పుస్తకంగా వేయించాలనుకున్నాను. అచ్చుకు ముందు మా తెలుగు మాస్టారికి చూపించాను. ఎర్ర సిరాతో పదిహేడు చోట్ల గుర్తులు పెట్టి తిరిగి ఇచ్చారు. అందులో తొమ్మిది మకారాన్ని పకారంతోనో బకారంతోనో ముడిపెట్టినవే. ఆ నాలుగు నెలలూ గ్రూపులో నాకు వచ్చినవి "అద్భుతం", "అమోఘం", ఇంకా ఆ చేతులు జోడించిన బొమ్మలు.

ఇక్కడొక పిడకలవేట. మా బావగారు 1990లలో అమెరికాలో చదువుకునే రోజుల్లో యూజ్‌నెట్ అనే పాతకాలపు ఆన్‌లైన్ చర్చావేదికలో తెలుగువారి చర్చాకూటమి ఉండేది. నచ్చనివారి పేరు కిల్‌ఫైలు అనే జాబితాలో చేరిస్తే వారి ఉత్తరాలు మనకు కనబడవు. చేర్చినట్టు అందరి ముందూ "ప్లాంక్" అని ప్రకటించడం అప్పటి ఆచారం; పేరు ఆ జాబితా అడుగున పడిన చప్పుడన్నమాట. బావగారు ఇప్పటికీ ఆ మాట ఎంతో సంబరంగా చెబుతారు. నాకు మాత్రం ఆ ప్రకటన నచ్చదు. ఘాటైన చివరి మాట అనేసి, అవతలివారు నోరు తెరిచేలోగా బ్లాక్ చేయడం ఇంకా నచ్చదు. రాజధాని వాదంలో నేను చేసింది అదే, కాబట్టి తెలిసే చెబుతున్నాను. వికీపీడియాలో దీన్ని నిరోధం అంటారు. నిర్వాహకులే చేస్తారు, అదీ నష్టాన్ని ఆపడానికే గాని శిక్షించడానికి కాదని వారి విధానం. నేను పదకొండో ఆయనకు వేసింది శిక్షే. ఆ శిక్ష పడిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

వాట్సాప్ లెక్క ఇందులో చేర్చలేదు. అక్కడ బ్లాక్ చేసినా, ఇద్దరూ ఉన్న గ్రూపులో వారి సందేశాలు వస్తూనే ఉంటాయి. మా దూరపు బాబాయి ఒకరు పంపే వైద్య చిట్కాలు భరించలేక బ్లాక్ చేశాను. ఒక పెళ్లిలో పంక్తి భోజనం దగ్గర, అరిటాకు మీద నీళ్లు చల్లుకుంటూ అడిగారు: "అమ్మాయ్, నీకు ఏది పంపినా ఒక్క టిక్కే పడుతోంది. నీ ఫొటో కూడా కనబడటం లేదు. ఫోను మార్చావా?" మార్చానని అబద్ధమాడి, చేయి కడుక్కునే నెపంతో పక్కకు వెళ్లి అన్‌బ్లాక్ చేశాను. చుట్టాలకు మ్యూట్ చాలు. ఎక్స్‌లో అయితే 2024 నవంబరు నుంచి బ్లాక్ అయినవారు కూడా మన బహిరంగ పోస్టులు చదవగలరు, జవాబు మాత్రం ఇవ్వలేరు. అందుకని ఏ వేదికలో ఆ మీట ఏం చేస్తుందో ముందు చూసుకోండి.

మిమ్మల్ని విసిగిస్తున్న ఆయన ఏ రకమో మీరు రాయలేదు. ఆయన చివరి పది కామెంట్లు ఒకేసారి వరుసగా చదవండి. అవి మీ మీదవైతే ఈ జవాబు పూర్తిగా చదవకుండానే బ్లాక్ చేయండి. మీరు రాసినదాని మీదవైతే ఒక్క రాత్రి ఆగండి. నేను ఇప్పుడు నా పోస్టులకు నోటిఫికేషన్లు ఆపేసి, కామెంట్లన్నీ ఆదివారం మధ్యాహ్నం ఒక్కసారే చూస్తున్నాను. కడుపు నిండి ఉన్నప్పుడు జగణం అంతగా గుచ్చుకోదు.

అవును, ఎర్ర సిరా చూసిన వారానికి ఆయన్ను అన్‌బ్లాక్ చేశాను. మంచి మాట వస్తుందేమోనని చిన్న ఆశతో ఒక కందం పెట్టాను. అయిదు నిమిషాలకు ఆయన కామెంటు: "అమ్మా, చాలా రోజులకు కనిపించారు. వ్రాయుట మానివేశారనుకొంటిని. ఈలోగా సాధన చేసినట్లు లేదు." వెంటనే మళ్లీ బ్లాక్ చేయబోయాను. ఒకసారి అన్‌బ్లాక్ చేసినవారిని మళ్లీ బ్లాక్ చేయాలంటే 48 గంటలు ఆగాలని ఫేస్‌బుక్ చెప్పింది. చేసేదేమీ లేక ఆ రెండు రోజులూ నాలుగో పాదంతో కుస్తీ పట్టాను. యతి కుదిరింది, పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. అంటే తప్పు లేదని అర్థమట, పాత సభ్యులు చెప్పారు.